తాకరాదు – తాకి చూడుడు

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలయందు ఈజిప్టునుండి వచ్చిన మమ్మీ యొకటి ఉన్నది. ఏడవ నిజాము కాలమున ఆ శాలను చేరిన ఆ ప్రాచీన దేహమును ఇప్పుడు ఆక్సిజన్ సోకని గాజుపెట్టెలో భద్రపరచియున్నారు. చూడవచ్చినవారి చేయి మాట అటుంచి, వారి ఊపిరియైనను దానికి తగులరాదు. అక్కడినుండి నడచిపోగలిగినంత దూరములోనే నౌబత్ పహాడు ఉన్నది. ఆ గుట్టపై బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాల. అటువంటి శాలలలో మీట నొక్కవలెను, పిడి త్రిప్పవలెను, వంకర అద్దము ముందు నిలిచి తన రూపము సాగుటయు కుంగుటయు చూచి నవ్వుకొనవలెను. ఒకచోట తాకినచో వస్తువు చెడును. మరియొకచోట తాకనిచో వచ్చిన పనియే చెడును. ఈ రెండింటికిని లోకము పెట్టిన పేరు మాత్రము ఒక్కటే: మ్యూజియము.

ఈ ఒక్క పేరు పాఠశాలలకు చేసిన అపకారము కొంచెము కాదు. మ్యూజియమనగానే పిల్లలను వరుసలో నిలిపి, చేతులు కట్టించి, ఏదియు ముట్టరాదని హెచ్చరించి లోనికి తీసికొనిపోవుట మనకు అలవాటు. ముప్పావుగంటలో అన్ని గదులును చుట్టివచ్చి, ఫలకములపైనున్న వ్రాతలను నోటుపుస్తకములలోనికి ఎక్కించుకొని పిల్లలు బయటపడుదురు. మరునాడు తరగతిలో అడిగినచో వారికి జ్ఞాపకముండునవి బస్సులో పాడిన పాటలును, చెట్టునీడను తిన్న పులిహోరయును. పులిహోర జ్ఞాపకముండుట తప్పు కాదు. దానిని వారు చేతితో తాకి తిన్నారు గదా!

వస్తువు పనిచేయుచుండగా చూచుటలో మనుష్యునకు గల ఆసక్తి క్రొత్తది కాదు. 1951లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన సాలార్‌జంగు మ్యూజియములో దేశదేశముల చిత్రములు, శిల్పములు, దంతపు పనులు ఎన్నియో ఉన్నవి. అయినను గంటగంటకు జనము పరుగున వచ్చి గుమిగూడునది ఒక గడియారము ముందు. చిన్న బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి గంట కొట్టి మరల లోపలికి పోవును. ఆ కొద్ది నిమిషముల కొరకు వృద్ధులును బాలురును ఒక్కతీరుగా మెడలు సాచి నిలుతురు. పందొమ్మిదవ శతాబ్దపు ఆ యంత్రము ఈనాటికిని తిరుగుచున్నదన్న, దాని వెనుక తైలము వేయు చేయి యొకటి ఉండక తప్పదు. ఆ చేతిని గూర్చి అడిగినవారిని మాత్రము చూడము.

ఈ ఆసక్తినే ఆధారముగా చేసికొని శాస్త్రమును జనులముందు నిలుపవచ్చునని గ్రహించినవారిలో జర్మనీ దేశపు ఓస్కార్ ఫాన్ మిల్లర్ ముఖ్యుడు. వృత్తిరీత్యా విద్యుత్తు ఇంజనీరు. 1903లో ఆయన పూనికతో మ్యూనిక్ నగరమున డాయిషెస్ మ్యూజియము స్థాపితమైనది. 1925లో నది నడుమనున్న లంకపై దాని సొంత భవనము తెరవబడినది. చూచువారే మీట నొక్కి యంత్రమును నడుపుకొను పద్ధతికి ఆ శాల పేరు పొందినది. దాని ప్రేరణతోనే మన దేశమున ఘనశ్యామదాస్ బిర్లా కలకత్తాలోని తమ గృహమును ఇచ్చివేయగా, 1959 మే 2వ తేదీన బిర్లా పారిశ్రామిక సాంకేతిక ప్రదర్శనశాల అక్కడ వెలసినది. తరువాత బెంగుళూరులో విశ్వేశ్వరయ్యగారి పేరిట మరియొకటి. ఇక హైదరాబాదు విషయమునకు వచ్చినచో, నౌబత్ పహాడుమీద 1985లో నక్షత్రశాల, 1990లో విజ్ఞాన ప్రదర్శనశాల, 2000లో రాక్షసబల్లుల శాల వరుసగా ఏర్పడినవి. ప్రక్కగుట్టపై 1976లో కట్టిన వేంకటేశ్వరాలయమునకు వచ్చిన భక్తులు ఇటు తొంగిచూచి పోవుటయు కలదు. దేవుని చూచిన కంటితోనే నక్షత్రములను చూచుటలో వారికి ఏ విరోధమును తోచినట్లు లేదు.

శాలను కట్టుట ఒక పని. నడుపుట మరియొక పని. కట్టుటకు దాతలున్నారు, ప్రభుత్వములున్నవి, శిలాఫలకమున్నది. నడుపుటకు శిలాఫలకము లేదు. ప్రారంభోత్సవమునాడు మంత్రివర్యులు మీట నొక్కగా చక్రము తిరుగును, దీపము వెలుగును, కరతాళధ్వనులు మ్రోగును. మరునాటినుండి ఆ మీటనే దినమునకు కొన్నివందల చేతులు నొక్కును. బాలుడు మీటను వ్రేలితో నొక్కునని దానిని చేసినవాడు అనుకొనును. బాలుడు పిడికిటితో గ్రుద్దును. కొన్నివారములకు లోని స్ప్రింగు సడలును. చక్రపు బేరింగు అరిగి కీచుమనును. లోలకమును వ్రేలాడదీసిన త్రాడు ముడివద్ద నలిగి తెగును. వర్షకాలపు తేమకు కటకముల అంచులలో బూజు పట్టును. అప్పుడొక అట్టముక్కపై ‘పనిచేయుట లేదు’ అని వ్రాసి దారముతో కట్టుదురు. ఆ అట్టముక్క ఒకసారి వచ్చెనా, తరచుగా అసలు వస్తువుకంటె దీర్ఘాయువు కలదియగును.

ఇంతకంటె అపాయకరమైనది మరియొకటి కలదు. గాజుకుంభములో విద్యుత్తు గంటనుంచి, లోని గాలిని పంపుతో తోడివేయుచుండగా ధ్వని క్రమముగా సన్నగిలిపోవు ప్రయోగము ఉపాధ్యాయులందరికిని తెలిసినదే. ధ్వని సాగుటకు యానకము కావలెనని దానివలన బోధపడును. కుంభము అడుగున అమర్చిన రబ్బరు వలయము ఏండ్లు గడచినకొలది గట్టిపడి పగుళ్లు వారును. గాలి లోనికి చొరబడును. పంపు చప్పుడు చేయుచునే యుండును, గంటయు చక్కగా వినబడుచునే యుండును. ప్రక్క ఫలకముపై మాత్రము శూన్యములో ధ్వని వినరాదని వ్రాసియుండును! పిల్లవాడు ఇప్పుడు తన చెవిని నమ్మవలెనా, ఫలకమును నమ్మవలెనా? తెలివిగలవాడైనచో చెవిని నమ్మును, శాస్త్రము అబద్ధమనుకొనును. బుద్ధిమంతుడైనచో ఫలకమును నమ్మును, తన చెవిని శంకించును. పనిచేయని వస్తువు నేర్పనిది లేకపోవుటతో సరి. తప్పుగా పనిచేయు వస్తువు అబద్ధము నేర్పును. కావున విజ్ఞాన కేంద్రమునకు గర్భాలయము దాని మరమ్మతు గది. బేరింగునకు ఎవరిని పిలువవలెనో, రబ్బరు వలయము ఎన్ని నెలలకు మార్చవలెనో వ్రాసియుంచిన పుస్తకమొకటి ఆ గదిలో లేనిచో, పైనున్న పాలరాతి మెట్లు ఎంత తెల్లగా మెరసినను లాభము లేదు.

మీట, తీగ, చక్రము మన అంగడిలో దొరకు వస్తువులతోనే చేయవలెననుట అనుభవజ్ఞుల మాట. దూరదేశమునుండి తెప్పించిన యంత్రము ఎంత ఘనమైనదైనను, దాని చిన్న భాగమొకటి విరిగిననాడు ఉత్తరప్రత్యుత్తరములతోనే ఏడాది గడచిపోవును. వారమున కొకరోజు తలుపులు మూయుటయు విశ్రాంతికి కాదు, మరమ్మతునకు. సాయంకాలము గాజులు తుడుచు పనివాని మాటకు అధికారులు చెవియొగ్గినను మేలే. ఏ గాజుపై వ్రేలిముద్రలు దట్టముగా నున్నవో, దేనిపై దుమ్ము తప్ప మరేమియు లేదో అతనికి తెలిసినంతగా వార్షిక నివేదికకు తెలియదు.

ఈ మరమ్మతు గదిని దాచక నడిబజారున పెట్టిన మహనీయుడొకడున్నాడు. అణుబాంబు నిర్మాణమునకు నాయకుడైన రాబర్టు ఓపెన్‌హైమరునకు తమ్ముడు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. తానును భౌతికశాస్త్రవేత్తయే. 1949లో రాజకీయ కారణములచే విశ్వవిద్యాలయపు కొలువు పోగొట్టుకొని, కొలరాడో కొండలలో పశువులను మేపుకొనుచు కొన్నేండ్లు గడపి, పిదప అక్కడి చిన్న ఊరి ఉన్నతపాఠశాలలో సైన్సు మాష్టరుగా చేరినాడు. పల్లె బడిలో చేతికందిన వస్తువులతో పాఠము చెప్పిన ఆ అనుభవము వృథాపోలేదు. 1969లో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎక్స్‌ప్లొరేటోరియమను శాలను తెరచినాడు. అక్కడ లేతు యంత్రములును, టంకము పెట్టు బల్లలును వచ్చినవారి కన్నులయెదుటనే ఉండును. ఉన్నతపాఠశాల విద్యార్థులకే జీతమిచ్చి వివరణకర్తలుగా నిలిపినారు. తమ ప్రదర్శనవస్తువులను ఎట్లు చేయవలెనో తెలుపు పుస్తకములను 1975 మొదలుకొని ప్రకటించినారు; వానికి పెట్టిన పేరు వంటపుస్తకమని. రహస్యములేని వంట! మన బడిపంతుళ్లలో ఇటువంటి ఓపెన్‌హైమరులు లేకపోలేదు. వారికి దొరకనిది శాన్‌ఫ్రాన్సిస్కో.

తాకుటకు వీలులేనిదైనను నౌబత్ పహాడుపై తప్పక చూడదగినది కోటసారస్ కంకాళము. నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి పరిసరములలో, గోదావరీ ప్రాణహితా లోయకు చెందిన కోట శిలాశ్రేణిలో భారత భూగర్భ సర్వేక్షణవారు త్రవ్వి తీసిన యెముకలవి. 1988లో ఆ జీవికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అను శాస్త్రనామము ప్రకటితమైనది. ఆ పేరులోనే తెలుగుదేశపు పల్లెయొకటి ప్రపంచ గ్రంథములకెక్కినది. పదునెనిమిది కోట్ల యేండ్లకు పైబడిన ప్రాణి. సుమారు 9 మీటర్ల పొడవు. అయితే అక్కడ నిలిచియున్నది ఒక్క జంతువు కాదు. దొరికిన యెముకలు కనీసము పండ్రెండు జంతువులకు చెందినవి. వానిలోనుండి కూర్చి నిలిపిన రూపమది. కపాలము దొరకనేలేదు. తల కావలెనన్న దగ్గరి బంధువుల తలలను బట్టి ఊహించి చేయవలసినదే.

ఈ సంగతి పిల్లలకు చెప్పవలెనా? చెప్పినచో వారి ఉత్సాహము తగ్గునని కొందరు ఉపాధ్యాయుల భయము. ఆ భయమునకు ఆధారము లేదు. ఇది అంతయు ఒక్క జంతువని చెప్పినచో పిల్లవాడు అబ్బురపడి ముందుకు సాగిపోవును. పండ్రెండింటి యెముకలని చెప్పి చూడుడు. అక్కడనే నిలిచి, ‘తొడయెముక ఈ జంతువుదే అని ఎట్లు తెలిసినది? చిన్నదానిది పెద్దదానికి అతికినచో కుంటును గదా?’ అని అడుగును. ఆ ప్రశ్న పుట్టుటకే గదా కోట్లు వెచ్చించి శాలను కట్టినది!

ఫలకముల భాషను గూర్చి తెలుగువారు ఆలోచింపవలసినది చాల ఉన్నది. తెలుగులో శాస్త్రము చెప్పవలెనను కోరిక మనకు నిన్న పుట్టినది కాదు. 1906లో హైదరాబాదున నెలకొన్న విజ్ఞాన చంద్రికా మండలివారు చరిత్రతోబాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగు చేయుటకు పూనుకొనిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదములను స్థిరపరచినది. ఆ పదములు తరగతిలో అవసరము. తరగతిలో కుదిరిన పదము ప్రదర్శనశాలలో కుదురునా యనునది వేరు ప్రశ్న. తిరుగుడుపీట యొకటి ఉన్నదనుకొందము. దానిప్రక్క ‘కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమము’ అని వ్రాసి, క్రింద పది పంక్తుల వివరణ యిచ్చినచో అందులో దోషమేమియు లేదు, చదువువాడును లేడు. దానికి మారుగా, ‘చేతులు చాచి పీటపై కూర్చుండుము. స్నేహితుని త్రిప్పుమనుము. ఇప్పుడు చేతులను రొమ్మునకు దగ్గరగా తీసికొనుము. ఏమైనది?’ అని వ్రాసినచో బాలుడు చదువును, చేయును, గిరగిర తిరిగి తల తిరిగి దిగును. నియమము పేరు ఆ తరువాత క్రింద చిన్న అక్షరములలో ఉండవచ్చును. ఉండవలెను కూడ, ఏలయన మరునాడు పాఠ్యపుస్తకములో ఆ పదమే ఎదురగును, ఎదురైనప్పుడు అది అతనికి చుట్టమువలె తోచవలెను.

మనకు కుమ్మరిసారె ఉన్నది, బొంగరమున్నది, కవ్వమున్నది, ఏతమున్నది. వీనిని తలపింపని తెలుగు ఫలకము ఇంగ్లీషు ఫలకమునకు నీడ మాత్రమే. అయితే ఒక చిక్కు. ఈనాటి నగరబాలుడు కవ్వమును గాని ఏతమును గాని చూచియుండడు. వానిని పోలికకు తెచ్చినచో ముందు పోలికను వివరింపవలసి వచ్చును! అందుచేత ఫలకము వ్రాయువాడు తన బాల్యమును కాక, ఎదుట నిలిచిన బాలుని బాల్యమును ఎరిగి వ్రాయవలెను. బొంగరము మాత్రము ఇంకను బ్రతికియున్నది.

ఇక ఆ బాలుడు ఎక్కడినుండి వచ్చుచున్నాడో చూతము. వరంగల్లు రహదారిపై మేడిపల్లి ఉన్నది. అక్కడి బడిపిల్లలు నౌబత్ పహాడు చూడవలెనన్న పీర్జాదిగూడ, ఉప్పలు దాటి, నగరము నడిబొడ్డువరకు 20 కిలోమీటర్ల దరిదాపు ప్రయాణము చేయవలెను. బస్సు బాడుగ, తలకొక టిక్కెట్టు, తల్లిదండ్రుల అనుమతిపత్రములు, వెంటవచ్చు ఉపాధ్యాయులు లేని తరగతులకు బదులు ఏర్పాట్లు: ఇన్ని కుదిరినగాని ఆ ఒక్కదినము సమకూరదు. మెట్రోరైలు 2017లో వచ్చిన పిమ్మట కొంత మేలు. ఉప్పలులో ఎక్కి అమీర్‌పేటలో మారినచో లకడీకాపూలులో దిగవచ్చును. ప్రతి స్టేషనులో నలువదిమంది తలలు లెక్కపెట్టుకొను మాష్టరుగారికి మాత్రము నక్షత్రశాలకు చేరకమునుపే నక్షత్రములు కనబడును.

ఈ ప్రయాణములోని విచిత్రమేమనగా, పిల్లలు శాస్త్రమును చూచుటకు బయలుదేరి శాస్త్రమును దాటిపోవుదురు. ఉప్పలు దాటగానే ఎన్.జి.ఆర్.ఐ. అని ఒక స్టేషను. పిల్లలలో పెక్కుమందికి అది స్టేషను పేరే. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ అది. భూకంపములను, భూమి అయస్కాంత శక్తిని, భూగర్భ జలములను పరిశోధించుచోటు. దాని ప్రక్కనే కణజీవశాస్త్రమునకు ప్రసిద్ధికెక్కిన సి.సి.ఎం.బి., 1977లో పుట్టినది. తార్నాకలో 1944నాటి మూలములుగల రసాయన సాంకేతిక సంస్థ. 1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ. ఇటు ఉప్పలు, నాచారము పారిశ్రామికవాడలలో లేతు పట్టువారు, అచ్చులు పోయువారు, మోటార్లు చుట్టువారు ఉన్నారు. విజ్ఞాన కేంద్రమునకు కావలసినవి మూడు: తెలిసినవారు, చేయగలవారు, అడుగువారు. మూడును ఈ తూర్పు దిక్కుననే ఉన్నవి. ముగ్గురిని ఏడాది పొడవునను ఒకచోట చేర్చు ద్వారమొకటి కరవు.

పరిశోధనాలయములు పూర్తిగా తలుపులు మూసికొని కూర్చున్నవనుట న్యాయము కాదు. సెప్టెంబరు 26వ తేదీ సి.ఎస్.ఐ.ఆర్. స్థాపకదినము, ఆ సందర్భమున పిల్లలను లోనికి పిలిచి యంత్రములను చూపు ఆచారము కలదు. 2017లో కేంద్రీయ విద్యాలయములతో కలిసి ‘జిజ్ఞాస’ అను కార్యక్రమమును ఆరంభించినారు. మంచిదే. కాని సంవత్సరమున కొకనాడు తెరచుకొను వాకిట పిల్లలు నదివలె ప్రవహింతురు. నిలిచి ప్రశ్న వేయుటకు వెనుకనున్నవారు త్రోయుచుందురు. ఇక్కడ చరిత్ర గుర్తు చేయు సంగతి యొకటున్నది. కలకత్తా, బెంగుళూరు విజ్ఞాన ప్రదర్శనశాలలు మొదట సి.ఎస్.ఐ.ఆర్. ఏలుబడిలోనే ఉండెడివి. 1978లో విజ్ఞాన ప్రదర్శనశాలల జాతీయ మండలి ఏర్పడినప్పుడు అవి వేరుకాపురము పెట్టినవి. ప్రదర్శనశాలలకు అది మేలు చేసినది, వాని సంఖ్య పెరిగినది. అయితే పరిశోధించు ఇల్లును చూపించు ఇల్లును వేరుపడుటచే, ఉప్పలు దారిలో గోడకు ఇవతలి పిల్లవానికి కలిగిన నష్టమును ఎవరును లెక్క వేయలేదు.

పిల్లలు శాలకు రాలేనప్పుడు శాలయే పిల్లలవద్దకు పోవుట ఒక మార్గము. కలకత్తా శాలవారు 1965లోనే ప్రదర్శనవస్తువులను బండిలోనికెక్కించి బడులకు పంపసాగిరి. మన తెలుగునాట చిత్తూరు జిల్లా కుప్పము చెంత అగస్త్య ఫౌండేషను ఉన్నది; 1999లో స్థాపితము, 172 ఎకరముల ఆవరణము. అక్కడివారి సంచార ప్రయోగశాలలు పల్లెబడులకు పోవును. ఖరీదైన యంత్రములు కావవి. అట్టలు, సీసాలు, అద్దపుముక్కలు, తీగలు. విరిగినచో ఆ సాయంకాలమే అతుకవచ్చును. అంతకంటె గొప్పసంగతి, నేర్చుకొన్న పిల్లలచేతనే తోటిపిల్లలకు చెప్పించుట. తనకు నిన్ననే తెలిసినదానిని చెప్పు బాలునకు ఎదుటివాని అనుమానము ఎక్కడ పుట్టునో బాగుగా తెలియును. బండికిని లోపము లేకపోలేదు. అది సాయంకాలము వెళ్లిపోవును. రాత్రి పడుకొన్నపిమ్మట పుట్టిన ప్రశ్నకు మరునాడు బడిలో జవాబు చెప్పువారు కావలెను.

ఆ భారము తిరిగితిరిగి ఉపాధ్యాయునిపైననే పడును. శాలకు తీసికొనిపోవుటకు వారము ముందే తాను ఒంటరిగా పోయి, అన్నిటిని చూచి, తన తరగతికి తగిన నాలుగైదు వస్తువులను ఏరుకొని వచ్చు ఉపాధ్యాయులు కొందరున్నారు. వారి పిల్లలు మిగిలిన గదులు చూడకయే తిరిగివత్తురు. చూచిన నాలుగింటిని విడువరు. అన్నియు చూపలేదని అలిగిన తల్లిదండ్రులకు ఆ మాష్టర్లు చెప్పు సమాధానము, మరల పోవచ్చునని.

మరల పోవుటకు వీలులేని దినములలోనైనను మేడిపల్లి పిల్లలకు చూడదగినది కాలిక్రిందనే ఉన్నది. కోటసారస్ నిలిచిన నౌబత్ పహాడు గుట్టయు, మేడిపల్లిలో ఇంటి పునాదులకు త్రవ్వగా తగులు శిలయు ఒక్క కుదురువే. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లని భూశాస్త్రవేత్తల లెక్క. దానిమీద నిలిచిన రాక్షసబల్లి దానిముందు నిన్నటి పసికందు. నగరము విస్తరించినకొలది గుండ్లు పగిలి కంకరయగుచున్నవి. ప్రతి క్రొత్త కట్టడము ముందును ఆ కంకరకుప్పలే. బడికి వచ్చుదారిలో చిన్న ముక్కను జేబులో వేసికొని రమ్మనిన ఏ పిల్లవాడు తేడు? తెచ్చినపిమ్మట ఒక భూతద్దము చాలును. ఎఱ్ఱనిది ఫెల్డ్‌స్పార్, గాజువలె మెరయునది పలుగురాయి, నల్లనిది అభ్రకము. అభ్రకమును గోటితో గీరినచో సన్నని రేకు ఊడి వ్రేలికొసకు అంటుకొనును; వెలుతురుకు ఎత్తిపట్టినచో తళుక్కుమనును. ఇంటికి పోయి అమ్మకు చూపునంతవరకు పిల్లవాడు ఆ వ్రేలిని కడుగుకొనడు.